సముద్రం నడుమ దాహం: ఒక కుటుంబం 38 రోజుల పాఠం



సోషల్ పుస్తకంలో వ్యాపార పవనాలు, ప్రశాంత మండలం, సముద్ర ప్రవాహాలు అని ఒక పాఠం ఉంది. మనందరం బట్టీ పట్టే పాఠమే అది. బాణం గుర్తులు ఎటు వేయాలో పరీక్షకి ముందు రోజు చూసుకుంటాం, పరీక్ష అయ్యాక మరిచిపోతాం. కాని ఆ బాణం గుర్తులు ఒక మనిషికి గుర్తుండడం వల్ల ఆరుగురు బతికి బయటపడ్డారు. వాళ్లలో ఇద్దరు మన ఆరో తరగతి తమ్ముళ్లంత పిల్లలు.

ఈసారి మన గోడపత్రికలో వాళ్ల సంగతి రాస్తున్నాను. దీన్ని కథలాగ కాకుండా పాఠంలాగ చదవండి. పక్కన అట్లాసు పెట్టుకుంటే ఇంకా బాగా అర్థమౌతుంది. సముద్రం చూడని వాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. అయినా దాహం అంటే ఏంటో మనకి తెలుసు. ఎండాకాలం గెడ్డ ఎండిపోతే చెలమ తవ్వుకుని, నీరు ఊరేదాకా బిందె పట్టుకుని కూర్చునే ఊళ్లు మనవి. ఈ పాఠం అంతా ఆ నీళ్ల గురించే.

వాళ్లెవరు?

ఇంగ్లండులో లీక్ అనే ఊరి దగ్గర డూగల్ రాబర్ట్‌సన్ అనే పాడి రైతు ఉండేవాడు. వ్యవసాయంలోకి రాకముందు ఆయన సరుకుల ఓడల్లో పనిచేశాడు. ఆయన భార్య పేరు లిన్. ఆమె నర్సుగా పనిచేసిన మనిషి. వాళ్లకి నలుగురు పిల్లలు. కూతురు ఆన్, పెద్ద కొడుకు డగ్లస్, చిన్నవాళ్లు నీల్, శాండీ కవలలు. పిల్లలకి ప్రపంచం చూపించాలని వాళ్లు దాచుకున్న డబ్బంతా పెట్టి ఒక పాత తెరచాప పడవ కొన్నారు. దాని పేరు లూసెట్. కర్రతో చేసిన పడవ, పొడవు 43 అడుగులు, కట్టింది 1922లో.

1971 జనవరి 27న ఫాల్మత్ రేవు నుంచి బయలుదేరారు. అట్లాంటిక్ మహాసముద్రం దాటారు. బహామా దీవుల్లో ఆన్ దిగిపోయింది. పనామా దగ్గర రాబిన్ విలియమ్స్ అనే యువకుడు వాళ్లతో ఎక్కాడు. అతనికి సముద్రం కొత్త. పనామా కాలువ దాటి పసిఫిక్ మహాసముద్రంలోకి వచ్చి, గాలపాగోస్ దీవులు చూసుకుని, పడమరగా మార్కెసాస్ దీవుల వైపు సాగారు. ఇప్పుడు పడవలో ఉన్నది ఆరుగురు.

జూన్ 15

1972 జూన్ 15. మనకైతే ఎండాకాలం సెలవులు అయిపోయి పెట్టె సర్దుకుని హాస్టల్‌కి వచ్చే రోజులు. ఆ రోజు పొద్దున పది గంటల వేళ, గాలపాగోస్‌కి పడమరగా సుమారు 200 మైళ్ల దూరంలో, పడవ అడుగున దెబ్బ మీద దెబ్బ తగిలింది. కిల్లర్ వేల్స్ గుంపు గుద్దింది. పేరు వేల్ అయినా ఇవి డాల్ఫిన్ కుటుంబానికి చెందినవే అని మా సైన్సు సారు చెప్పారు. అడుగు చెక్కలు పగిలి నీళ్లు లోపలికి ఎగదన్నాయి. కొద్ది నిమిషాల్లో పడవ మునిగిపోయింది.

వాళ్ల దగ్గర మిగిలినవి రెండే. ఒకటి గాలి నింపే రబ్బరు తెప్ప. రెండోది ఎడ్నమెయిర్ అనే చిన్న పడవ, దాని పొడవు మూడు మీటర్లే. మన తరగతి గదిలో నల్లబల్ల ముందు ఒక గోడ నుంచి మూడు పెద్ద అడుగులు వేస్తే ఎంతో, అంతే.

తెప్పలో అత్యవసరం కోసం పెట్టిన రొట్టె, గ్లూకోజు కొంచెం ఉన్నాయి. మంట వెలుగు చూపించే సిగ్నళ్లు, గాలాలు ఉన్నాయి. మునిగేటప్పుడు చేతికి దొరికినవి ఉల్లిపాయల సంచి, బిస్కట్ల డబ్బా, కొన్ని నారింజలు, నిమ్మకాయలు. మంచినీళ్లు 18 పింట్లు, అంటే సుమారు 10 లీటర్లు.

ఒక లెక్క చేయండి

10 లీటర్లు, ఆరుగురు మనుషులు. ఒక్కొక్కరికి లీటరున్నర పైచిలుకు వస్తుంది. దాన్ని పది రోజులకి సర్దాలంటే రోజుకి ఒక్కొక్కరికి సుమారు 167 మిల్లీలీటర్లు. మనం అన్నం దగ్గర తాగే స్టీలు గ్లాసులో సగం కన్నా కొంచెం ఎక్కువ. పొద్దుటినుంచి మళ్లీ పొద్దుటిదాకా అంతే. పైన ఎండ, నీడ లేదు. మనం ఆటల పీరియడ్ అయ్యాక కుళాయి దగ్గర ఒక్కసారి తాగేది అంతకంటే ఎక్కువ ఉంటుంది.

చుట్టూ నీళ్లే కదా, తాగితే ఏం?

ఇదే ప్రశ్న నేను చదివినప్పుడు మా గదిలో ముగ్గురు అడిగారు. సముద్రపు నీళ్లు ఒక లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఒంట్లో ఎక్కువైన ఉప్పుని మూత్రపిండాలు నీళ్లతో కలిపి మూత్రంగా బయటికి పంపాలి. కాని మూత్రపిండాలకి ఒక హద్దు ఉంది. అవి ఎంత కష్టపడ్డా లీటరు మూత్రంలో సుమారు 20 గ్రాముల ఉప్పు మాత్రమే పంపగలవు. అంటే 35 గ్రాములు పోవాలంటే లీటరూ ముప్పావు మూత్రం పోవాలి. తాగింది ఒక లీటరు. ఆ ముప్పావు లీటరు ఎక్కడినుంచి వస్తుంది? మన ఒంట్లోంచే. అంటే సముద్రపు నీళ్లు తాగిన కొద్దీ ఒళ్లు ఎండిపోతుంది. దాహం ఇంకా పెరుగుతుంది. తరవాత మతి తప్పుతుంది. ఆ తరవాత ప్రాణం పోతుంది.

డూగల్‌కి ఇది తెలుసు. అందుకని ఆయన ముందు ఉన్న ప్రశ్న "ఒడ్డు ఎక్కడ" అన్నది కాదు. "వాన ఎక్కడ" అన్నది.

దగ్గర ఒడ్డు వదిలేశారు

ఇప్పుడు అట్లాసు తియ్యండి. దక్షిణ అమెరికాకి పడమట, భూమధ్యరేఖ మీద గాలపాగోస్ దీవులు కనిపిస్తాయి. వాళ్లు దానికి పడమర 200 మైళ్లలో, భూమధ్యరేఖకి కొంచెం దక్షిణాన ఉన్నారు. వాళ్లకి మూడు దారులు.

మొదటిది, వెనక్కి గాలపాగోస్‌కి వెళ్లడం. అన్నిటికంటే దగ్గర. మనమైతే అటే పోదాం అంటాం. కాని అక్కడ ఆగ్నేయ వ్యాపార పవనాలు వీస్తాయి. అవి ఆగ్నేయం నుంచి వాయవ్యానికి తోస్తాయి. నీటి ప్రవాహం కూడా పడమరకే. కొండ నుంచి దిగే గెడ్డలో వాన రోజు ఎదురీదితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. పెద్ద తెరచాప పడవ అయితే అటూ ఇటూ వంకరగా తిరుగుతూ గాలికి ఎదురుగా పోగలదు. రబ్బరు తెప్ప అలా పోలేదు. పది లీటర్ల నీళ్లతో తెడ్డు వేసుకుంటూ 200 మైళ్లు ఎదురు పోవడం జరిగే పని కాదు.

రెండోది, గాలి తోసిన వైపు పోవడం. అటు మార్కెసాస్ దీవులు ఉన్నాయి. కాని సుమారు 2800 మైళ్లు. అక్కడిదాకా నీళ్లు ఎవరు ఇస్తారు?

మూడోది, ఉత్తరానికి పోవడం. అటు వెయ్యి మైళ్లకి పైన మధ్య అమెరికా తీరం ఉంది. మధ్యలో ప్రశాంత మండలం అడ్డం. తెరచాప పడవల వాళ్లకి ఆ పేరు చెబితేనే భయం, ఎందుకంటే గాలి ఉండదు, పడవ కదలదు. కాని అక్కడ వాన పడుతుంది.

ఎందుకు పడుతుంది? ఉత్తరం నుంచి వచ్చే వ్యాపార పవనాలు, దక్షిణం నుంచి వచ్చే వ్యాపార పవనాలు ఆ పట్టీలో ఎదురుపడతాయి. ఎండకి వేడెక్కిన తడిగాలి పక్కలకి పోవడానికి వీల్లేక పైకి లేస్తుంది. పైన చల్లబడి మబ్బు కడుతుంది, కుండపోతగా కురుస్తుంది. ఈ పట్టీ ఒక్కచోట ఉండదు. మన వేసవిలో సూర్యుడు ఉత్తరానికి వస్తే అది కూడా ఉత్తరానికి జరుగుతుంది. జూన్‌లో మన కొండల మీదికి నైరుతి రుతుపవనాలు రావడం కూడా ఆ జరగడంతో ముడిపడిన సంగతే. అంటే మన ఊళ్లలో పోడులోకి విత్తనం వేసే వానకీ, వాళ్లు వెతుక్కుంటూ పోయిన వానకీ చుట్టరికం ఉంది.

ఇంకో లాభం కూడా ఉంది. ఆ పట్టీలో సముద్రపు నీరు తూర్పుకి పోతుంది. దాన్ని భూమధ్యరేఖా ప్రతి ప్రవాహం అంటారు. అక్కడికి చేరితే నీరే వాళ్లని తీరం వైపు తీసుకుపోతుంది.

డూగల్ మూడో దారి పట్టాడు. దగ్గర ఒడ్డుని వదిలి దూరపు వాన వైపు తిరిగాడు. చిన్న పడవకి తెరచాప గుడ్డ కట్టి, దాంతో తెప్పని లాగిస్తూ ఉత్తరానికి బయలుదేరారు. సముద్రపటం లేదు. పగలు సూర్యుణ్ణి, రాత్రి చుక్కల్ని చూసి దిక్కు తెలుసుకునేవారు. భూమధ్యరేఖ దాటి ఉత్తరానికి పోయిన కొద్దీ ధ్రువ నక్షత్రం పైకి లేస్తుందని మనం చదివాం కదా, అలాంటి తెలివే అక్కడ పనికొచ్చింది.

చూడకుండా పోయిన ఓడ

ఏడో రోజు ఒక ఓడ కనిపించింది. వీళ్లు మంట సిగ్నళ్లు కాల్చారు, చేతులూపారు, అరిచారు. ఓడలో ఎవరూ చూడలేదు. అది పోయింది. ఆ పూట పిల్లల మొహాలు ఎలా ఉండి ఉంటాయో మీరే ఊహించండి. కాని ఆ రోజు నుంచే డూగల్ ఒక మాట మార్చుకున్నాడు. ఎవరో వచ్చి కాపాడతారన్న ఆలోచన పక్కన పెట్టి, మన బతుకు మనమే బతకాలి, పిల్లల్ని ఒడ్డుకి మనమే చేర్చాలి అని నిశ్చయించుకున్నాడు. ఎవరైనా ఓడ వాళ్లు వస్తే మంచిదే, రాకపోయినా ప్రయాణం ఆగదు.

ఇది నాకు చాలా నచ్చిన చోటు. పదో తరగతి అన్నలు కూడా ఇది ఒకసారి చదవాలి.

తిండి

ఒక రాత్రి పెద్ద డొరాడో చేప దానంతట అదే ఎగిరి చిన్న పడవలో పడింది. ఎగిరే చేపలు కూడా పడేవి. తరవాత తాబేళ్లు దొరికాయి. మాంసం ముక్కలు కోసి తాళ్లకి వేలాడదీసి ఎండబెట్టారు. మన ఇళ్లలో పొయ్యి మీద దడి కట్టి మాంసం, చేపలు ఎండబెట్టడం లేదూ, అదే పద్ధతి.

నీళ్లు చాలని రోజుల్లో తాబేలు రక్తం తాగారు. చదవడానికి అసహ్యంగా ఉంటుంది, కాని ఇందులో సైన్సు ఉంది. తాబేలు ఉప్పునీటిలో బతుకుతుంది. అయినా దాని రక్తం సముద్రమంత ఉప్పన కాదు. దాని కళ్ల దగ్గర ఉప్పు గ్రంథులు ఉంటాయి. ఎక్కువైన ఉప్పుని చిక్కటి కన్నీళ్లలాగ బయటికి పంపేస్తాయి. అంటే తాబేలు ఉప్పు తీసేసిన తడిని తన ఒంట్లో దాచుకున్నట్టే. తాబేలు కొవ్వుని ఎండలో కరిగించి నూనె తీసి, ఉప్పునీటి పుళ్ల మీద రాసుకున్నారు.

ఒక హెచ్చరిక. సముద్రపు తాబేళ్లని చంపడం మన దేశంలో నేరం. మన తూర్పు తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లు ఇప్పటికే కష్టాల్లో ఉన్నాయి. వాళ్లకి అప్పుడు వేరే దారి లేదు, అంతే.

ఇంకో సంగతి. నీళ్లు లేనప్పుడు మాంసం ఎక్కువ తినకూడదు. మాంసం అరిగాక మిగిలే యూరియాని బయటికి పంపడానికి కూడా ఒళ్లు నీళ్లే ఖర్చు పెడుతుంది. నీళ్లున్నప్పుడే కడుపునిండా తిండి.

వాన వచ్చింది, కాని

వాన పడింది. తెప్ప పైకప్పు గుడ్డలో పట్టారు. మొదటి నీళ్లు ఆ గుడ్డ రంగు దిగి పసుపుగా, రబ్బరు రుచితో వచ్చాయి. కాసేపు కడగనిచ్చి తరవాత నీళ్లు డబ్బాల్లో పట్టి దాచారు. మనం కొత్త రేకుల మీది మొదటి వాన నీళ్లు వదిలేసి తరవాత బిందె పెడతాం చూడండి, అలాగ.

తల్లి చేసిన వైద్యం

చిన్న పడవ అడుగున వాన నీళ్లు చేరేవి. అందులో తాబేలు రక్తం, చెత్త కలిసి ఉండేవి. నోటితో తాగితే వాంతి అవుతుంది. వాంతి అయితే ఉన్న నీళ్లు కూడా పోతాయి. పారబోస్తే నీళ్లు దండగ. అప్పుడు లిన్ తన నర్సు పని గుర్తు చేసుకుంది. తెప్ప నిచ్చెన మెట్ల గొట్టాలతో ఎనిమా గొట్టం తయారు చేయించి, ఆ నీళ్లు వెనక నుంచి పెద్ద పేగులోకి ఎక్కించింది. మనం తిన్నదాంట్లోంచి నీటిని చివరగా పీల్చుకునేది పెద్ద పేగే అని సైన్సు పుస్తకంలో ఉంది. ఆ ఒక్క వాక్యం అక్కడ ప్రాణం నిలబెట్టింది. నవ్వకండి. నవ్వే తమ్ముళ్లు ఒక రోజంతా సగం గ్లాసు నీళ్లతో ఉండి చూసి అప్పుడు నవ్వండి. ఇది ఇంట్లో ఎవరూ చేసి చూడకూడదు. అది నర్సు చేసిన పని, ఇంకో దారి లేనప్పుడు చేసిన పని. ఉప్పునీళ్లు అయితే అలా కూడా ఎక్కించకూడదు.

మూడు మీటర్లలో ఆరుగురు

రబ్బరు తెప్పకి చిల్లులు పడ్డాయి. గాలి ఊదుతూ, నీళ్లు తోడుతూ రోజులు గడిపారు. 16 రోజుల తరవాత అది ఇక పనికిరాకుండా పోయింది. ఆరుగురూ చిన్న పడవలోకి మారారు. పడవ అంచుకీ నీటికీ మధ్య జానెడు కూడా లేదు. ఒకరు కదిలితే ఇంకొకరు ఇటు జరగాలి. లేకపోతే పడవ తిరగబడుతుంది. పెద్ద వాన, పెద్ద అలలు వచ్చిన రాత్రి నిద్ర లేదు, తోడుతూనే ఉన్నారు. తోడే వాళ్లకి చేతులు నొప్పెడితే ఇంకొకరు.

వాళ్ల మధ్య గొడవలు రాలేదని నేను రాయను. వచ్చాయి. ఆకలి, పుళ్లు, ఇరుకు, ఇన్ని ఉంటే ఎవరికైనా కోపం వస్తుంది. మన గదిలో పెట్టె ఒక జానెడు ఇటు జరిగితేనే ఎంత గొడవ! కాని నీళ్ల వాటా విషయంలో లెక్క తప్పలేదు, పని విషయంలో వంతు తప్పలేదు. కాలక్షేపానికి ఊరికి వెళ్లాక "డూగల్స్ కిచెన్" అని ఒక హోటల్ పెడదామని, అందులో ఏమేం వండాలో అని గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఆదివారం కూర గురించి శుక్రవారం నుంచి మాట్లాడుకునే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

38వ రోజు

1972 జూలై 23. అప్పటికి వాళ్ల దగ్గర ఎండిన మాంసం ఉంది, నీళ్లు ఉన్నాయి. ఇక రాత్రుళ్లు తెడ్లు వేసి తీరానికి తొందరగా పోదాం అని అనుకుంటున్నారు. ఆ రోజు తోకా మారు 2 అనే జపాను చేపల ఓడ అటు వచ్చింది. సిగ్నల్ మంట చూసి దగ్గరికి వచ్చి, ఆరుగురినీ ఎక్కించుకుని పనామా చేర్చింది. ఆరుగురూ బతికారు.

1973లో డూగల్ ఈ సంగతంతా "సర్వైవ్ ది సావేజ్ సీ" అని పుస్తకంగా రాశాడు. తరవాత సముద్రంలో చిక్కుకున్న వాళ్లు ఎలా బతకాలో చెప్పే పుస్తకం కూడా రాశాడు. ఆయన 1991లో చనిపోయాడు.

మనకి ఇందులో ఏముంది?

మనం సముద్రంలో చిక్కుకోం అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కాని దాహంతో ఒళ్లు ఎండిపోవడం సముద్రంలోనే జరగదు. వానాకాలం మొదట్లో మన ఊళ్లలో వాంతులు, విరేచనాలు వస్తాయి. చిన్నపిల్లలు ఒక్క రోజులో వాడిపోతారు. కళ్లు లోపలికి పోతాయి, నాలుక పిడచకట్టుకుపోతుంది. అది లూసెట్ పిల్లల ముందు ఉన్న చావే, ఇంట్లో మంచం మీద. విరేచనాలప్పుడు నీళ్లు ఇవ్వకూడదని చెప్పే పెద్దవాళ్లు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నారు. వాళ్లతో మనం మర్యాదగా, కాని గట్టిగా చెప్పాలి.

కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే చిన్న టీ చెంచా, తలకొట్టి సమంగా తీసింది. గుక్క గుక్కగా తాగించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే మేలు. బిడ్డ తాగలేకపోతున్నా, మగతగా పడుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అర చెంచా ఉప్పు అంటే సుమారు మూడు గ్రాములు. సముద్రపు లీటరులో ఉన్నది 35. అదే ఉప్పు, కొలతలోనే తేడా. మూడు గ్రాములు బతికిస్తాయి, 35 గ్రాములు చంపుతాయి. అందుకే చేతికొచ్చినంత వేయకండి, కొలవండి.

డూగల్‌కి గాలుల పాఠం గుర్తుంది, లిన్‌కి పేగు పాఠం గుర్తుంది. ఇద్దరూ ఆ పాఠాలు మార్కుల కోసం నేర్చుకున్నారో లేదో నాకు తెలీదు. అవసరానికి మాత్రం అవి చేతికి వచ్చాయి.

ప్రశ్నలు (జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వేయండి)

1. గాలపాగోస్ 200 మైళ్లే ఉన్నా వాళ్లు ఎందుకు అటు పోలేదు?
2. రెండు లీటర్ల సముద్రపు నీళ్లు తాగితే ఒంట్లోంచి ఎంత నీరు అదనంగా పోతుంది? లెక్క చేసి చూపండి.
3. ప్రశాంత మండలంలో గాలి తక్కువ, వాన ఎక్కువ. కారణం రాయండి.
4. పది లీటర్ల నీళ్లు మన గదిలో ఉన్న అందరికీ పది రోజులు పంచాలి. ఒక్కొక్కరికి రోజుకి ఎన్ని మిల్లీలీటర్లు?
5. మీ ఊళ్లో విరేచనాలు వచ్చిన పిల్లలకి ఏం ఇస్తారు? ఇంటికి వెళ్లినప్పుడు అడిగి రాయండి. ఈ ప్రశ్నకి తప్పు జవాబు లేదు.

– తొమ్మిదో తరగతి